నరం మూసేస్తే రక్తం ఎటు పోతుంది?

మా పెద్దమ్మ ముప్ఫై ఏళ్లు కాలవగట్టున టిఫిన్ హోటల్ నడిపింది. తెల్లవారుజామున నాలుగింటికి పెనం ముందు నిలబడితే మళ్లీ కూర్చునేది పదకొండింటికే. నలభయ్యో ఏట ఎడమకాలి పిక్కమీద నీలంగా ఒక తాడు తేలింది. యాభై దాటేసరికి అది మెలికలు తిరిగి, వానపాములు చుట్ట చుట్టుకున్నట్టు మోకాలిదాకా పాకింది. సాయంత్రమయ్యేసరికి కాలు బరువెక్కేది. రాత్రిళ్లు పిక్క పట్టేసేది. "నరాలు తేలాయి, వయసు మీద పడుతోంది" అని సరిపెట్టుకుంది. చీలమండ లోపలివైపు చర్మం నల్లబడి, దురద పెట్టి, గోకిన చోట పుండు పడి, ఆ పుండు ఆరు నెలలైనా మానకపోతే అప్పుడు కదిలింది.

డాక్టరు స్కానింగ్ చేశాడు. పెద్ద కోతలేమీ అక్కర్లేదు, సన్నటి గొట్టం పంపి లోపల్నుంచే మూసేద్దాం, సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోవచ్చు అన్నాడట. ఆ రాత్రి పెద్దమ్మ నాకు ఫోన్ చేసింది.

"ఒరేయ్ అబ్బాయ్, నరం మూసేస్తారంటరా! మరి రక్తం ఎటు పోతుంది? కాలవకి అడ్డుకట్ట వేస్తే నీళ్లు ఊరిమీద పడవూ?"

చదువుకున్నవాళ్లలో కూడా చాలామంది ఈ ప్రశ్న అడగరు. లేజర్ అనగానే తలూపి సంతకం పెట్టేస్తారు.

జవాబు చెప్పేముందు ఒక మాట తేల్చుకోవాలి. మన వాడుకలో 'నరం' రెండు పనులు చేస్తుంది. మెదడు నుంచి కబురు మోసే తీగ నరమే, చెడు రక్తం మోసే గొట్టమూ నరమే. ఇంజెక్షన్ 'నరానికి' వేస్తారంటాం గానీ ఆ సూది దిగేది సిరలో. ఈ గందరగోళం వల్ల కాలిమీద సిరలు ఉబ్బినవాళ్లు నరాల డాక్టరును వెతుక్కుంటూ వెళ్లి, ఒక రోజూ ఒక ఫీజూ పోగొట్టుకుని రావడం మామూలే. వెరికోస్ వెయిన్స్ అనేది సిరల జబ్బు. దాన్ని చూసేది రక్తనాళాల సర్జన్లు, కొన్నిచోట్ల జనరల్ సర్జన్లు, ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టులు. ఇకమీదట ఈ అధ్యాయంలో సిర అంటే సిరే, నరం అంటే నరమే. ఆ తేడా ఒకచోట మనకు అక్కరకొస్తుంది కూడా.

ఎదురెక్కే రక్తం

గుండె నుంచి పాదానికి రక్తం దిగడంలో వింతేమీ లేదు. వెనక గుండె తోపు ఉంది, కింద నేల లాగుతోంది. తిరుగు ప్రయాణమే కష్టం. నిలబడ్డ మనిషిలో చీలమండకూ గుండెకూ మధ్య సుమారు నాలుగడుగుల ఎత్తు. గుండె ఇచ్చిన తోపు, వెంట్రుక కన్నా సన్నటి నాళాల జల్లెడ దాటేసరికి చాలావరకు ఖర్చయిపోతుంది. మరి పైకెక్కించేది ఎవరు?

పిక్క కండరాలు. అడుగు వేసిన ప్రతిసారీ అవి బిగుసుకుని, తమ మధ్యనున్న సిరలను తడిబట్ట పిండినట్టు పిండుతాయి. పిండిన రక్తం పైకే పోవాలి, కిందికి జారకూడదు. అందుకోసం సిరల లోపల అక్కడక్కడా పల్చటి రెండు రెక్కల తలుపులు ఉంటాయి. పాఠ్యపుస్తకాలు వీటిని కవాటాలంటాయి. రక్తం పైకి వెళ్తుంటే తెరుచుకుంటాయి. వెనక్కి జారబోతే ఆ రక్తమే రెక్కలను నొక్కి మూసేస్తుంది.

కాలవలోంచి నీళ్లు తోడుకునే రైతుకు ఇది కొత్త సంగతి కాదు. మోటారు గొట్టం అడుగున ఫుట్‌వాల్వు ఉంటుంది. మోటారు ఆపినా గొట్టంలో ఎక్కిన నీళ్లు దిగిపోకుండా పట్టుకునేది అదే. దాని వాషరు అరిగిన రోజుల్లో మా పెదనాన్న పొద్దున్నే బిందెలతో నీళ్లు పోసి గొట్టం నింపితే తప్ప మోటారు ఎత్తుకునేది కాదు. కాలి సిరల్లో ఫుట్‌వాల్వు ఒకటి కాదు, మెట్టుమెట్టుకూ ఒకటి.

ఈ తలుపులు ఉన్నాయో లేదో మీ చేతిమీదే చూసుకోవచ్చు. మోచేతికి పైన గుడ్డ ఒకటి ఓ మోస్తరు బిగువుగా కట్టి, పిడికిలి నాలుగుసార్లు బిగించి వదలండి. ముంజేతి సిరలు తేలతాయి. ఒక సిరను మణికట్టువైపు ఒక వేలితో నొక్కిపట్టి, రెండో వేలితో అందులోని రక్తాన్ని మోచేయివైపు తోసేయండి. రెండో వేలు తీసేసినా సిర ఖాళీగానే ఉండిపోతుంది. పైనున్న రక్తం తలుపు దాటి కిందికి రాలేదు. మొదటి వేలు తీయండి, కిందినుంచి చటుక్కున నిండుతుంది. ఇంగ్లండ్ వైద్యుడు విలియం హార్వీ రక్తం ఒంట్లో చుట్టుతిరుగుతుందని 1628లో లోకానికి చెప్పినప్పుడు తన పుస్తకంలో బొమ్మలు వేయించి చూపింది ఈ ప్రయోగాన్నే. అంతకు పాతికేళ్ల ముందే, 1603లో, ఇటలీలోని పాదువాలో ఆయన గురువు ఫాబ్రిషియస్ ఈ కవాటాల మీదనే ఒక పుస్తకం అచ్చువేశాడు. లాటిన్‌లో ఆయన వాడిన పేరుకు 'చిన్న తలుపులు' అనే అర్థం. కాకపోతే రక్తం కాళ్లలోకి మరీ ఎక్కువగా దిగిపోకుండా అడ్డుపడే కట్టలు ఇవి అనుకున్నాడు. తలుపును చూసింది గురువు. అది ఒకవైపుకే తెరుచుకుంటుందంటే రక్తానికి ఒకటే దారి అని పోల్చుకున్నది శిష్యుడు.

ఈ ఏర్పాటు ఎంత పని చేస్తుందో ఒక్క అంకెలో చెప్పొచ్చు. కదలకుండా నిలబడితే చీలమండ దగ్గరి సిరలో పీడనం బీపీ మిషను కొలతలో సుమారు 90. నడక మొదలుపెట్టిన కొద్ది అడుగుల్లోనే అది 30కి దిగువకు పడిపోతుంది. తలుపులు పాడైన కాలిలో ఎంత నడిచినా అంతగా తగ్గదు. పెద్దమ్మలా ఏడు గంటలు ఒకేచోట నిలబడితే సరేసరి. పిక్క పనిచెయ్యదు, పంపు ఆగిపోయినట్టే.

గండి ఒకచోట, నీళ్లు ఇంకోచోట

కాలిలో సిరలు రెండు వరసలు. కండరాల మధ్య పోయేవి లోతు సిరలు. కాలి రక్తంలో పదింట తొమ్మిది వంతులు వీటి గుండానే పైకెళ్తుంది. చర్మం కింద కొవ్వులో పోయేవి పై సిరలు. ఈ రెండింటినీ అక్కడక్కడా కలిపే పొట్టి సిరలు ఉన్నాయి, వీటిని వంతెన సిరలు అందాం. పై సిరల్లో పెద్దది చీలమండ లోపలివైపు మొదలై, మోకాలి పక్కగా తొడ లోపలి అంచున పైకెక్కి, గజ్జలో లోతు సిరలో కలుస్తుంది. ఒళ్లు మొత్తంలో ఇంత పొడవైన సిర ఇంకొకటి లేదు. డాక్టర్లు గ్రేట్ సఫీనస్ అంటారు, మనం పొడుగు సిర అందాం. పిక్క వెనక దీనికో చెల్లెలుంది, స్మాల్ సఫీనస్.

గజ్జలో ఆ కలిసేచోట ఉన్న తలుపు సరిగ్గా పడకపోతే కథ మొదలవుతుంది. చాలాసార్లు తలుపు రెక్కలు బాగానే ఉంటాయి, సిర గోడే సాగిపోతుంది. దర్వాజా వెడల్పయితే తలుపులు ఎలా కలుస్తాయి? లోతు సిరలోని రక్తం పొడుగు సిరలోకి వెనక్కి జారుతుంది. ఆ బరువు కింది తలుపుమీద పడుతుంది, అదీ సాగుతుంది, దాని తర్వాతదీ అంతే. చివరికి పక్కకొమ్మలు ఆ ఒత్తిడికి ఉబ్బి మెలికలు తిరుగుతాయి. కాలిమీద మనకు కనబడేది ఈ కొమ్మలే. పొడుగు సిర కాస్త లోతుగా, ఒక పొరలో ఒదిగి ఉంటుంది కాబట్టి కంటికి ఆనకపోవచ్చు.

అంటే పిక్కమీద కనిపించేది పొలంలో నిలిచిన నీళ్లు. గండి పైన గజ్జలో ఉంది. పొలంలో నీళ్లు ఎంత తోడినా గండి పూడ్చకపోతే రేపు మళ్లీ నిండుతుంది. నూనెల మర్దనాలూ, జలగలూ, పైపూత మందులూ ఎందుకు నిలబడవో ఈ ఒక్క సంగతితో అర్థమవుతుంది. వాటిలో ఏదీ తలుపును బాగుచేయదు. ఆ మాటకొస్తే మాత్రలు కూడా చెయ్యవు, మహా అయితే వాపూ బరువూ కాస్త తగ్గిస్తాయి.

నిలిచిన రక్తం ఊరికే ఉండదు. ఒత్తిడికి సన్ననాళాల్లోంచి నీరు ఊరి పాదం వాస్తుంది. ఎర్రకణాలు కూడా బయటకు జారి అక్కడే చితికిపోతాయి. వాటిలోని ఇనుము చర్మంలో మిగిలిపోతుంది. చీలమండ దగ్గరి ఆ గోధుమ నలుపు మచ్చ ఒకరకంగా తుప్పే. తర్వాత చర్మం తోలులా బిరుసెక్కి, చిన్న దెబ్బ తగిలినా పుండవుతుంది.

తలుపులు ఎందుకు పాడవుతాయంటే, అమ్మానాన్నల నుంచి వచ్చిన పల్చటి సిర గోడలు మొదటి కారణం. గర్భం రెండోది. ఒంట్లో రక్తం పెరుగుతుంది, హార్మోన్లు సిర గోడల్ని వదులు చేస్తాయి, ఎదిగే గర్భసంచి పొత్తికడుపులో సిరల్ని నొక్కుతుంది. ఒంటి బరువు, వయసు సరే. గంటల తరబడి నిలబడే ఉద్యోగం ఉండనే ఉంది. టీచర్లు, కండక్టర్లు, ట్రాఫిక్ పోలీసులు, మంగలి షాపు నడిపేవాళ్లు, చీరల కొట్లో పని చేసే అమ్మాయిలు. చీరల కొట్లో మనం పరుపుమీద కూర్చుని బేరాలాడుతుంటే ఎదుటి మనిషి పొద్దుటినుంచి నిలబడే ఉందని ఎప్పుడైనా గమనించామా? కేరళలో షాపుల్లో పనిచేసే మహిళలు కూర్చునే హక్కు కోసం ఉద్యమం చేస్తే 2018లో చట్టం మారింది. 2021లో తమిళనాడు కూడా కుర్చీలు వేయాలని చట్టం చేసింది. కుర్చీ కూడా ఒక వైద్య పరికరమే.

గండి ఎక్కడుందో చూపించేది డాప్లర్ స్కానింగ్. దగ్గరికొచ్చే రైలు కూత సన్నగా, దాటిపోయే రైలు కూత బొంగురుగా వినిపిస్తుందే, ఆ తేడాను 1842లో లెక్కగట్టిన ఆస్ట్రియా శాస్త్రవేత్త క్రిస్టియన్ డాప్లర్ పేరే దానికి పెట్టారు. రైలు బదులు రక్తకణాలు, కూత బదులు చెవికి అందని ధ్వని. రక్తం ఎటు పోతోందో తెరమీద ఎరుపు, నీలం రంగుల్లో కనబడుతుంది. ఇది నిలబెట్టి చేయాల్సిన పరీక్ష. పిక్కను నొక్కి వదులుతారు. నొక్కినప్పుడు పైకెక్కిన రక్తం, వదిలాక అర సెకను కన్నా ఎక్కువసేపు వెనక్కి జారితే ఆ తలుపు పోయినట్టే. పడుకోబెట్టి రెండు నిమిషాల్లో ముగించిన స్కాను మీద ఆధారపడి ఎవరైనా లేజర్ చేద్దామంటే నేనైతే ఇంకో డాక్టరును అడుగుతాను.

లాగి పారేసిన రోజులు

రోమన్ సేనాని గేయస్ మారియస్ కథ ప్లూటార్క్ రాసిపెట్టాడు. ఆయనకు రెండు కాళ్లమీదా సిరలు ఉబ్బాయి. చూడటానికి బాగాలేదని కోయించుకోదలిచాడు. మత్తుమందులు లేని కాలం. కట్టేయనివ్వకుండా, మూలగకుండా ఒక కాలు కోయించుకుని, వైద్యుడు రెండో కాలిమీద చెయ్యి వేయబోతే వద్దన్నాడట. పడే బాధకు దక్కే ఫలం చాలదని ఆయన లెక్క.

రెండు వేల ఏళ్లు ఆ లెక్క పెద్దగా మారలేదు. 1890 ప్రాంతంలో జర్మన్ సర్జన్ ట్రెండెలెన్‌బర్గ్ తొడలో పొడుగు సిరను ముడివేసి, గండి పైన ఉందన్న సంగతిని వైద్యంలోకి తెచ్చాడు. 1907లో అమెరికాలో బాబ్‌కాక్ సిర లోపలికి పొడవాటి తీగ దూర్చి, సిరను దానికి కట్టి, మొత్తంగా బయటికి లాగే పద్ధతి చెప్పాడు. లంగా బొందు ఎక్కించడం తెలిసినవాళ్లకు ఇది సులువుగా తెలుస్తుంది. పిన్నీసు కట్టి బొందు దూర్చినట్టు తీగ దూర్చడం, బొందు లాగేసినట్టు సిరను లాగేయడం. స్ట్రిప్పింగ్ అనే ఈ ఆపరేషన్ దాదాపు నూరేళ్లు రాజ్యమేలింది. పని చేసేది కూడా. కానీ మత్తు ఇవ్వాలి, గజ్జలో కోత పెట్టాలి, సిరతో పాటు తెగిన కొమ్మల్లోంచి రక్తం కారి తొడంతా కమిలిపోతుంది, రెండు మూడు వారాలు పనికి వెళ్లలేరు. మన ఊళ్లలో వెరికోస్ ఆపరేషన్ అంటే ఇప్పటికీ భయపడేది ఆ రోజుల జ్ఞాపకంతోనే.

బొందు లాగకుండా, ఉన్నచోటే దాన్ని పనికిరాకుండా చేస్తే పోలేదా అన్న ఆలోచన ఇరవయ్యో శతాబ్దం చివర్లో ఫలించింది.

సన్న గొట్టం, కాస్త వేడి

పెద్దమ్మకు జరిగింది ఇదే. మోకాలి దగ్గర చర్మానికి మాత్రం మత్తు సూది వేశారు. స్కానింగ్ తెరమీద చూస్తూ పొడుగు సిరలోకి సూది దించారు. దాని గుండా సన్నటి తీగను గజ్జదాకా, లోతు సిరలో కలిసే మలుపుకు రెండు సెంటీమీటర్ల ఇవతలిదాకా పంపారు. ఆ రెండు సెంటీమీటర్లే చేయి తిరిగినతనం. అంతకన్నా ముందుకు పోతే వేడి లోతు సిరకు తగులుతుంది, వెనకబడితే గండి మిగిలిపోతుంది.

తర్వాత చేసిన పని చూడటానికి చిన్నదే గానీ ఈ పద్ధతి మొత్తం దానిమీదే నిలబడింది. సిర చుట్టూ, పొడవునా, మత్తుమందు కలిపిన చల్లటి ఉప్పునీరు ఎక్కించారు. కాలిఫోర్నియా చర్మవైద్యుడు జెఫ్రీ క్లైన్ 1987లో కొవ్వు తీసే ఆపరేషన్ల కోసం చెప్పిన కిటుకు ఇది. ట్యూమెసెంట్ మత్తు అంటారు. ఆ నీరు నొప్పి తెలియనివ్వదు. సిరను నలువైపులా నొక్కి తీగకు అంటుకునేలా చేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, కాగే గిన్నెను నీళ్లపళ్లెంలో కూర్చోబెట్టినట్టు చుట్టూ ఉన్న చర్మానికీ నరానికీ వేడి తగలనివ్వదు. నరం అంటే ఇక్కడ అసలైన నరమే. మోకాలి కింద పొడుగు సిరను ఆనుకుని ఒక నరం నడుస్తుంది. దానికి సెగ తగిలితే పాదం లోపలివైపు నెలల తరబడి తిమ్మిరిగా ఉంటుంది. అందుకే మోకాలి కిందిభాగంలో వేడి వాడటానికి చాలామంది వెనకాడతారు.

ఇక వేడి. దానికి రెండు దారులు. ఒకటి రేడియో తరంగాలతో వేడెక్కే తీగ. కొసన ఏడు సెంటీమీటర్ల మేర 120 డిగ్రీలకు వేడెక్కుతుంది, ఇరవై సెకన్లు ఉంచి, తీగను వెనక్కి జరిపి, పక్క ఏడు సెంటీమీటర్లకు పోతారు. రెండోది లేజర్. చాలామంది అనుకున్నట్టు బయటినుంచి కాలిమీద వెలుగు కొట్టడం కాదు. సన్నటి కాంతితీగ సిర లోపలే ఉంటుంది. మొదట్లో వచ్చిన లేజర్ల కాంతి రక్తంలోని ఎర్రరంగులో ఎక్కువగా ఇంకేది. రక్తం అక్కడికక్కడే ఉడికి, సిర గోడకు చిల్లులు పడి నొప్పీ కమలడమూ ఎక్కువగా ఉండేవి. ఇప్పుడు ఎక్కువగా వాడే 1470 నానోమీటర్ల కాంతి నీటిలో ఇంకుతుంది. సిర గోడలో నీరుంది కాబట్టి తక్కువ శక్తితోనే పని జరుగుతుంది. రేడియో తరంగాల పద్ధతికి అమెరికాలో 1999లో అనుమతి వచ్చింది, లేజర్ కూడా అటూ ఇటూగా అప్పుడే మొదలైంది. రెండింటిలో ఏది గొప్పదని ఆసుపత్రుల హోర్డింగులు పోట్లాడుకుంటాయి గానీ, మూయడంలో రెండూ దాదాపు సమానం. మెషిను కన్నా స్కాను చూస్తూ దాన్ని నడిపే చెయ్యి ముఖ్యం.

వేడికి సిర గోడ పొయ్యి దగ్గర పెట్టిన ప్లాస్టిక్ కవరులా ముడుచుకుని అతుక్కుపోతుంది. కొన్ని నెలలకు ఒక పీచుదారమై, క్రమంగా ఒంట్లో కలిసిపోతుంది. పెద్దమ్మ బల్లమీద గంట కూడా లేదు. దిగగానే కాలికి బిగుతు మేజోడు తొడిగి, అరగంట నడవమన్నారు. "ఆపరేషన్ అయినోళ్లని పడుకోమంటారు గానీ వీళ్లేమిటి నడవమంటారు!" అని ఆవిడ గొణిగింది. నడిస్తేనే లోతు సిరల్లో రక్తం పరుగెడుతుంది, గడ్డకట్టే ప్రమాదం తగ్గుతుంది.

ఆ ప్రమాదం అరుదే గానీ లేకపోలేదు. చేయించుకున్న రోజుల్లో పిక్క ఉన్నట్టుండి గట్టిగా వాచి నొప్పి పుడితే, ఊపిరి అందకపోతే, మర్నాడు చూద్దామని ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

మీటర్ కాఫీ, ఫెవిక్విక్, క్రోషే కొక్కెం

గండి పూడ్చాక కూడా పొలంలో నీళ్లు కొన్ని మిగులుతాయి. మెలికలు తిరిగిన కొమ్మల్లోకి తీగ దూరదు. అక్కడికి పనికొచ్చేది నురుగు.

సిర లోపలి పొరను గాయపరిచి అతుక్కునేలా చేసే మందులున్నాయి, పాలిడోకనాల్ అలాంటిదే. మందును ద్రవంగా ఎక్కిస్తే రక్తంలో కలిసి పల్చబడిపోతుంది. నురుగు చేసి ఎక్కిస్తే అది రక్తాన్ని పక్కకు నెట్టి సిరంతా తానే నిండుతుంది. కొద్ది మందు చాలు. ఈ నురుగును ఇటలీ డాక్టరు టెస్సారి 2000లో చెప్పిన పద్ధతిలో చేస్తారు. రెండు సిరంజిలను మూడు దారుల పంపుకు తగిలించి, ఒకదానిలో ఒక వంతు మందు, రెండోదానిలో నాలుగు వంతుల గాలి పెట్టి, ఇటునుంచి అటూ అటునుంచి ఇటూ ఇరవైసార్లు తోస్తారు. మన హోటళ్లలో రెండు గ్లాసుల మధ్య కాఫీ తిరగబోసి నురుగు తెప్పించడానికీ దీనికీ సూత్రంలో తేడా లేదు. చవక, మత్తు అక్కర్లేదు, అరగంట పని. కానీ చర్మంమీద గోధుమరంగు చార కొన్ని నెలలు మిగలొచ్చు. పెద్ద సిరను నురుగుతో మాత్రమే మూస్తే మళ్లీ తెరుచుకునే అవకాశం వేడితో కన్నా ఎక్కువ. బ్రిటన్‌లో 798 మందిని లేజర్, నురుగు, పాత ఆపరేషన్ అని మూడు దారుల్లో పెట్టి అయిదేళ్లు గమనించారు. 2019లో వచ్చిన ఫలితాల్లో లేజరూ ఆపరేషనూ చేయించుకున్నవాళ్ల కాళ్ల పరిస్థితి నురుగువాళ్ల కన్నా మెరుగ్గా ఉంది. స్ట్రిప్పింగ్ చేయించుకున్న పాతతరం వాళ్లు ఊరికే బాధపడ్డారని అనుకోనక్కర్లేదన్నమాట. ఫలితం అదే, దారి నున్నబడింది.

జిగురు సంగతి తమాషాగా ఉంటుంది. 1942లో అమెరికాలో ఈస్ట్‌మన్ కోడాక్ కంపెనీలో హ్యారీ కూవర్ బృందం తుపాకీ గురి అద్దాల కోసం పారదర్శకమైన ప్లాస్టిక్ వెతుకుతూ ఒక పదార్థం చేసింది. అది ముట్టుకున్న ప్రతిదానికీ అంటుకుపోవడంతో పక్కన పడేశారు. సయనోఅక్రిలేట్ అనే ఆ కుటుంబంలోదే మన ఇళ్లలోని ఫెవిక్విక్. దాని చుట్టమే, ఒంట్లో వాడటానికి తగినట్టు చేసినది, సిరను లోపలినుంచి అతికిస్తుంది. అమెరికాలో 2015లో అనుమతి వచ్చింది. వేడి లేదు కాబట్టి చుట్టూ నీళ్లు ఎక్కించనక్కర్లేదు, నరానికి సెగ భయం లేదు, మేజోడు కూడా చాలాసార్లు అవసరం పడదు. ఖరీదు ఎక్కువ. కొందరికి జిగురు పడక చర్మం ఎర్రబడి దురద పెడుతుంది, జిగురు వెంటనే కరిగి పోదు కాబట్టి అది కొంతకాలం వేధించవచ్చు. తిరిగే తీగతో గోడను గీకుతూ మందు చిమ్మే పద్ధతి కూడా ఒకటుంది, మనదగ్గర అంతగా కనబడదు.

బాగా లావైన మెలికలకు మాత్రం కొక్కెమే మేలు. చర్మంమీద రెండు మూడు మిల్లీమీటర్ల గాట్లు పెట్టి, క్రోషే అల్లే కొక్కెం లాంటిదానితో సిర ముక్కలను బయటికి లాగేస్తారు. స్విట్జర్లాండ్ చర్మవైద్యుడు రాబర్ట్ ముల్లర్ 1960లలో దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. కుట్లు కూడా అక్కర్లేదు. పెద్దమ్మకు వేడితో పాటే రెండుచోట్ల ఇదీ చేశారు.

మే నెలలో మేజోళ్లు

ఇవన్నీ లేకుండా మేజోళ్లతో గడపలేమా అని అడిగేవాళ్లుంటారు. వాటి కథ కూడా చిన్నది కాదు. అమెరికాలో కాన్రాడ్ జోబ్స్ట్ అనే ఇంజనీరుకు తనకే ఈ జబ్బు. ఈతకొలనులో నిలబడితే కాళ్ల నొప్పి తగ్గుతోందని గమనించాడు. లోతుకు పోయేకొద్దీ నీటి ఒత్తిడి పెరుగుతుంది కదా, పాదం దగ్గర ఎక్కువ, పైకొచ్చేసరికి తక్కువ. ఆ నీటినే బట్టగా నేయించాడు, 1950 ప్రాంతంలో. జిరాఫీకి ఇది పుట్టుకతోనే ఉంది. అంతెత్తు జంతువు కాళ్లు వాచకపోవడానికి అక్కడి చర్మం బిగుతుగా, సాగకుండా ఉండటం ఒక కారణం.

మేజోడు బరువునూ వాపునూ తగ్గిస్తుంది, గర్భిణులకు ప్రసవందాకా అదే దిక్కు. ఎందుకంటే గర్భంతో ఉన్నప్పుడు సిరలు మూయరు, కాన్పు తర్వాత చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. కానీ అది గండి పూడ్చదు, తీసిన రోజు కథ మొదటికొస్తుంది. పైగా బెజవాడ ఎండల్లో మే నెలలో తొడదాకా మేజోడు వేసుకుని తిరగమని చెప్పే డాక్టరు ఒకరోజు తాను వేసుకుని చూడాలి. బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శక సంస్థ నైస్ 2013లోనే తేల్చింది. ముందు వేడి, అది కుదరకపోతే నురుగు, అదీ కాకపోతే ఆపరేషన్. ఇవేవీ వీలుకానివాళ్లకే మేజోళ్లు. కాలికి రక్తం తెచ్చే ధమనులు పూడుకుపోయినవాళ్లు, ముఖ్యంగా షుగరు ఉండి పొగతాగేవాళ్లు, పాదం నాడి చూపించుకోకుండా బిగుతు మేజోడు తొడిగితే అసలుకే మోసం రావచ్చు.

మానని పుండు ఉన్నవాళ్లకు మాత్రం బిగుతు కట్టు తప్పదు. పుండు మానేదాకా ఆగి ఆ తర్వాత సిర సంగతి చూద్దామని ఒకప్పుడు అనుకునేవారు. 2004లో వచ్చిన ఒక బ్రిటిష్ పరిశోధనలో కట్టు మాత్రమే కట్టినవాళ్లలో ఏడాదిలోపు పుండు తిరగబెట్టింది 28 శాతం మందికి, కట్టుతోపాటు ఆపరేషన్ కూడా చేసినవాళ్లలో 12 శాతం మందికే. 2018లో మరొకటి, 450 మందిమీద. పుండు ఉండగానే వెంటనే సిర మూసినవాళ్లలో సగంమందికి 56 రోజుల్లో మానింది, ఆగినవాళ్లలో సగంమందికి 82 రోజులు పట్టింది. ఆరునెలలపాటు ఆయింట్‌మెంటు రాయించుకున్న పెద్దమ్మ ఈ అంకెలు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదంది.

ఇంకో సంగతి ఇక్కడే చెప్పాలి. ఉబ్బిన సిర పగిలి రక్తం చిమ్మితే, కంగారుపడి మోకాలి పైన తాడు కట్టేవాళ్లున్నారు. అలా కడితే కింద ఇంకా నిండి ఇంకా కారుతుంది. పడుకోబెట్టి, కాలు గుండెకన్నా ఎత్తులో పెట్టి, కారేచోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి ఉంచితే ఆగుతుంది. ఆగిందని ఊరుకోకుండా డాక్టరుకు చూపించాలి.

మరి రక్తం?

ఇప్పుడు పెద్దమ్మ ప్రశ్న. ఆ పొడుగు సిర ఎన్నాళ్లనుంచో రక్తాన్ని పైకి మోయడం లేదు. కిందికే దించుతోంది. లోతు సిర పైకి తెచ్చిన రక్తంలో కొంత దీనిగుండా మళ్లీ చీలమండకు జారి, వంతెన సిరల్లోంచి లోతు సిరలోకి పోయి, మళ్లీ ఎక్కుతూ, అదే రక్తం చుట్టూ చుట్టూ తిరుగుతోంది. అంటే ఆవిడ అనుకున్నట్టు మూసేది కాలవను కాదు, గండిని. మూశాక లోతు సిరలమీద బరువు పెరగదు, తగ్గుతుంది.

గుండె సర్జన్లు దీనికి ఎప్పుడో సాక్ష్యం ఇచ్చారు. 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో రెనే ఫావలోరో గుండెకు బైపాస్ చేస్తూ వాడింది కాలిలోని ఈ పొడుగు సిరనే. ఆనాటినుంచి లక్షలమంది కాళ్లలోంచి దాన్ని తీశారు. ఆ కాళ్లు మామూలుగానే నడుస్తున్నాయి. 'రేపు బైపాస్ అవసరమైతే ఎలా?' అని కొందరు వెనకాడతారు. ఉబ్బి సాగిపోయిన సిర బైపాస్‌కు ఎటూ పనికిరాదు, చేతి సిరలూ ధమనులూ ఛాతీ ధమనీ ఉన్నాయి.

ఒక్క పరిస్థితిలో మాత్రం పెద్దమ్మ భయం నిజమవుతుంది. లోతు సిర గడ్డకట్టి పూడుకుపోయి ఉంటే రక్తానికి పై సిరలే పక్కదారి. అప్పుడు వాటిని మూస్తే నిజంగానే ఊరు మునుగుతుంది. నిలబెట్టి, లోతు సిరలను కూడా చూసి చేసే ఆ స్కాను అందుకే అంత ముఖ్యం.

మూసిన సిర సంగతి అలా ఉంచితే, సిర గోడలు పల్చబడే గుణం ఒంట్లోనే ఉంటుంది కాబట్టి కొన్నేళ్లకు వేరే సిర ఉబ్బవచ్చు. అది వైద్యం విఫలమైనట్టు కాదు గానీ, 'శాశ్వత పరిష్కారం' అని హోర్డింగు మీద రాసేవాళ్లను నమ్మనక్కర్లేదు. బీమా ఉన్నవాళ్లు పాలసీ ఒకసారి తిరగేయండి. కొత్త పాలసీ తీసుకున్నాక కొంతకాలం, చాలావాటిలో రెండేళ్లు, ఆగాల్సిన జబ్బుల జాబితాలో వెరికోస్ వెయిన్స్ తరచుగా ఉంటుంది.

మూడోనెల స్కానుకు నేనే తీసుకెళ్లాను. పుండు మాని లేతచర్మం వచ్చింది, నల్లమచ్చ అలాగే ఉంది. నిలబెట్టి గజ్జదగ్గర పరికరం పెట్టారు. పొడుగు సిర ఉండాల్సిన చోట బూడిదరంగు చుక్క ఒకటి, రంగేమీ లేకుండా. పెద్దమ్మ తెరవైపు మెడ తిప్పి, "మరి రక్తమేదీ?" అంది. టెక్నీషియన్ అమ్మాయి నవ్వి, పిక్క ఒకసారి గట్టిగా నొక్కింది. పక్కనే లోతుగా ఉన్న గుండ్రటి సిరలో నీలం ఒక్కసారి పైకి పొంగింది. చెయ్యి వదిలింది. ఎరుపు రాలేదు.

"ఇంకోసారి నొక్కమ్మా" అంది పెద్దమ్మ.